నేలమాళిగలో నల్లబీరు

పానీయములలో కాలముచేత గుణాధిక్యము పొందునవి కొన్ని కలవు. కాలముచేత క్షీణించునవి అంతకంటె ఎన్నియో రెట్లు కలవు. బీరు సామాన్యముగా ఈ రెండవ వర్గమునకు చెందినది. యవలను మొలకెత్తించి, ఆరబెట్టి, నలుగగొట్టి, వేడినీట నానవేసి తీసిన తీపిరసమును హాప్స్ పూవులతో కాచి, ఈస్టుచేత పులియబెట్టగా పుట్టు ఈ పానీయమును కొలదినాళ్లలోనే త్రాగవలెనని దానిని చేయువారును, త్రాగువారును ఏకకంఠముగా చెప్పుదురు. ఈ నియమమునకు ప్రసిద్ధమైన అపవాదము స్టౌటు అను నల్లబీరు, అందును మద్యసారము అధికముగా గల బలిష్ఠమైన స్టౌటు. దానిని ఇండ్ల నేలమాళిగలలో చీకటిలోను, చల్లదనములోను ఏండ్లతరబడి నిలువయుంచి, ఒక్కొక్క సంవత్సరపు సీసాను ఒక్కొక్క పర్వదినమున తెఱచి, దాని పరిణామమును పరికించుట ఇంగ్లండులోను, అమెరికాలోను రసజ్ఞులైనవారికి ఆచారమైనది. గడచిన ముప్పదియేండ్లుగా ఈ స్టౌటులో కాఫీని చేర్చు పద్ధతి బయలుదేరి విశేషముగా వ్యాపించుటతో ఆ ఆచారమునకు ఒక సందేహము తోడైనది: కాఫీ చేరిన స్టౌటు నిలువయుంచినకొలది మేలగునా, లేక వన్నె తగ్గునా?

ఈ ప్రశ్నకు నాలుక యొక్కటియే సమాధానము చెప్పజాలదని నా నమ్మకము. నిలువయుంచుట అను ఆచారము ఎట్టి పానీయముకొఱకు, ఎవరిచేత, ఏ కారణమున పుట్టినదో తెలిసికొన్నగాని అది కాఫీ స్టౌటునకు తగునా, తగదా అనునది తేలదు. ఆ చరిత్ర పదునెనిమిదవ శతాబ్దపు లండను నగరమున ఆరంభమగుచున్నది.

ఆ శతాబ్దపు తొలిపాదమున లండనులో పోర్టరు అను కపిలవర్ణపు బీరు ప్రచారమునకు వచ్చెను. థేమ్సునది రేవులలోను, నగరపు వీధులలోను బరువులు మోయు కూలీలకు అది ప్రీతిపాత్రమై, వారి వృత్తినామముతోనే వ్యవహరింపబడెను. కట్టెలమంటపై ఆరబెట్టిన ముదురురంగు మాల్టుతో, అనగా మొలకెత్తించిన యవలతో, చేయుటచేత, క్రొత్తగా నున్నప్పుడు అది పొగవాసనయు కఱకుదనమును కలదై గొంతునకు ఒరసికొనుచు దిగెడిది. అదే బీరు కొన్ని మాసములు పీపాలలో కదలక నిలిచినచో, పొగ అణగి, చేదు మెత్తబడి, ఒకింత పులుపును, ద్రాక్షాసవమును స్మరింపజేయు గంభీరమైన వాసనయు దానికి అబ్బెడివి. ఇట్లు ముదిరినదానికి లేతబీరుకంటె వెల హెచ్చు. పానశాలలలో లేతదానిని, ముదిరినదానిని గిరాకీదారు కోరిన పాళ్లలో కలిపి పోయుట వాడుకగా నుండెను. కాలము దోషములను హరించి గుణములను మిగుల్చుట ఆ నగరవాసులకు అనుదినము నాలుకపై తెలియుచుండిన సత్యము.

కాలమునకు వెల కలదు కావున ఆ వెలను ఎవరు భరింపవలెనను ప్రశ్న పుట్టెను. మొదట పానశాలల యజమానులును, మధ్యవర్తులైన వర్తకులును లేతబీరును కొని, తమ నేలమాళిగలలో ముదురనిచ్చి, ఆ వెలల తేడాను లాభముగా గైకొనుచుండిరి. కాలక్రమమున బీరు కాచు బ్రూవరీల యజమానులే ఆ లాభమును తమకు దక్కించుకొనదలచిరి. ఏడాదిపాటు అమ్మకములేక పడియుండు సరకుమీద సొమ్ము మదుపుపెట్టుట చిన్నవ్యాపారికి అలవికాని పని. పెద్ద మూలధనము గలవాడు మాత్రమే దానికి ఓర్చుకొనగలడు. కనుక లండనులో చిన్న బ్రూవరీలు వెనుకబడి, కొలదిమంది చేతులలో మహావ్యాపారములు పెరుగుటకు గల ముఖ్యకారణములలో ఈ నిలువ యొకటి.

శామ్యూల్ విట్‌బ్రెడ్ అను నాతడు 1742లో భాగస్వామిగా ఈ వర్తకమున ప్రవేశించి, 1750లో చిజ్వెల్ వీధియందు పోర్టరుకొఱకే పెద్ద బ్రూవరీని నెలకొల్పెను. నడుమ ఒక్క స్తంభమైనను లేక విశాలమైన దూలములకప్పు క్రింద అతడు కట్టించిన పీపాలశాలయు, దానికింద భూమిలో త్రవ్వించిన తొట్లును ఆనాటి నగరమున చూడవలసిన వింతలలో చేరెను. 1785లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రము అచ్చట మాల్టు పిండిచేయుటకును, నీరు తోడుటకును అమర్పబడెను. 1787లో మూడవ జార్జి రాజును, షార్లెట్ రాణియు స్వయముగా వచ్చి ఆ బ్రూవరీని చూచిపోయిరి. 1796లో అది ఒక్క సంవత్సరములో రెండులక్షల పీపాల బీరును తయారుచేసెను. అంతవఱకు లండనులో మఱి ఏ బ్రూవరీయు ఆ సంఖ్యను చేరియుండలేదు.

పెద్దతొట్టిలో నిలిచిన బీరు చిన్నపీపాలోని బీరుకంటె సమానముగా ముదురునని కనుగొన్న తరువాత యజమానులమధ్య తొట్ల పరిమాణముగుఱించి పోటీ పుట్టెను. 1790వ దశకమున మ్యూక్స్ కుటుంబమువారి బ్రూవరీలో క్రొత్తగా కట్టిన ఒక కొయ్యతొట్టియందు, బీరు పోయుటకు ముందు, రెండువందలమంది అతిథులకు విందు జరిగినదని చెప్పుదురు. ఆ తొట్ల గర్భమున జరుగు వ్యాపారమేమో ఆనాటివారికి తెలియదు. ఓకుచెక్కల రంధ్రములలో నివసించు ఒకజాతి ఈస్టు, మామూలు ఈస్టు విడిచిపెట్టిన చక్కెరలను నెమ్మదిగా మాసములతరబడి తినుచు, ఆ ముదురువాసనను పుట్టించుచుండెను. 1904లో డెన్మార్కునందలి కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ శాస్త్రజ్ఞుడైన క్లాసెన్ ఆంగ్లేయుల నిలువబీరునుండి దానిని వేరుచేసి, బ్రెట్టనోమైసీస్ అను పేరుతో లోకమునకు వెల్లడించెను. దీనివలన మనకు గ్రాహ్యమైన విషయమొకటి కలదు: ఆనాటి నిలువ అనగా జడమైన నిరీక్షణము గాదు, తొట్టిలో ప్రాణమున్నంతకాలము పని జరుగుచునే యుండెను.

ఈ నిలువవ్యాపారము ఎంత బరువైనదో 1814 అక్టోబరు 17వ తేదీన లండనులోని టాటెన్‌హామ్ కోర్టు రోడ్డు మూలనున్న హార్స్‌షూ బ్రూవరీలో ఘోరముగా తెలియవచ్చెను. అప్పటికి అది హెన్రీ మ్యూక్స్ యాజమాన్యమున నుండెను. ఇరువదిరెండు అడుగుల ఎత్తుగల ఒక తొట్టిలో 3,555 పీపాల పోర్టరు, పదినెలలనుండి ముదురుచు, అంచునకు నాలుగంగుళముల దిగువవఱకు నిండియుండెను. ఆనాటి సాయంకాలము నాలుగున్నర గంటల ప్రాంతమున తొట్టిని బిగించియున్న ఇనుపకట్లలో ఒకటి జారిపడుట నిలువయింటి గుమాస్తా జార్జి క్రిక్ చూచెను. అట్టి కట్లు ఏడాదిలో రెండుమూడు పర్యాయములు జారుట మామూలే యగుటచేత అతడు విశేషముగా కలవరపడక, దానిని బాగుచేయింపుడని భాగస్వాములలో ఒకరికి చీటి వ్రాసి చేతనుంచుకొని యుండగనే, అయిదున్నర గంటలకు తొట్టి బద్దలయ్యెను. ఆ తాకిడికి ప్రక్కతొట్టి బిరడా ఊడి, అందలి బీరును తోడయ్యెను. వెనుకనున్న ఇటుకగోడ కూలిపోయెను.

ఆ గోడకు ఆవల సెయింట్ జైల్స్ పేటలో నిరుపేదలైన ఐర్లండువారి గుడిసెలవంటి ఇండ్లుండెను. ఒక నేలమాళిగలో, ముందునాడు మరణించిన రెండేండ్ల బాలుని శవమును నడుమనిడికొని బంధుజనము జాగరణము చేయుచుండిరి. నల్లని ఆ వెల్లువ వారిపైబడి అయిదుగురిని హరించెను. మొత్తముమీద స్త్రీలును, బిడ్డలునైన ఎనమండుగురు మృతిచెందిరి. విచారణ జరిపిన పంచాయతీదార్లు దీనిని యాదృచ్ఛికమైన ప్రమాదముగా నిర్ణయించి ఎవరిని దోషులుగా పేర్కొనలేదు. నష్టపోయిన బీరుమీద చెల్లించిన సుంకమును మాత్రము ప్రభుత్వమువారు యజమానులకు తిరిగి ముట్టజెప్పిరి. చనిపోయినవారి కుటుంబములకు ఇరుగుపొరుగు పేదలు కాసులు పోగుచేసి ఇచ్చిరి. కాలమునుండి లాభము పిండుకొనుటకు కట్టిన ఆ మహాపాత్రల బరువును, ఆ లాభములో ఏ భాగమునులేని జనము మోయవలసివచ్చినదను విషయమును నిలువబీరు చరిత్ర చెప్పువారు మఱవరాదు.

పోర్టరులలో మిక్కిలి బలమైనది స్టౌటు పోర్టరు. కాలక్రమమున రెండవపదము లోపించి స్టౌటు అను పేరే మిగిలెను. ఆ స్టౌటులలోకెల్ల బలిష్ఠమైనది థేమ్సుకు దక్షిణపుటొడ్డున సదర్క్‌లోనున్న థ్రేల్ కుటుంబమువారి యాంకర్ బ్రూవరీలో తయారై బాల్టిక్ సముద్రమునకు ఆవలనున్న రష్యాకు పోవుచుండినది. యజమానియైన హెన్రీ థ్రేల్ 1781లో మరణించినప్పుడు, అతని ఆప్తమిత్రుడును, నిఘంటుకర్తయునైన శామ్యూల్ జాన్సన్ ఆస్తి వ్యవహర్తలలో ఒకడుగా నిలిచి దాని విక్రయము జరిపించెను; బార్‌క్లే, పెర్కిన్స్ అనువారు దానిని 1,35,000 పౌనులకు కొనిరి. చిత్రకారుడైన జోసెఫ్ ఫారింగ్‌టన్ 1796నాటి తన దినచర్యలో, ఆ బ్రూవరీనుండి వచ్చిన పోర్టరును తాను రుచిచూచినట్లును, అది రష్యా సామ్రాజ్ఞికొఱకు ప్రత్యేకముగా చేసినదనియు, ఏడేండ్లు నిలువయుండగలదనియు తనకు చెప్పబడినట్లును వ్రాసికొనెను. ఆ సామ్రాజ్ఞి కాథరిన్. నల్లబీరు ఏండ్లతరబడి నిలుచునను ఖ్యాతికి ఇంతకంటె స్పష్టమైన సమకాలికసాక్ష్యము నేనెఱుగను.

ఆ ఖ్యాతిని బాల్టిక్ తీరములకు మోసినవారిలో ఎ. లె కాక్ అను వర్తకసంస్థ ముఖ్యమైనది. వారు బార్‌క్లే పెర్కిన్స్ స్టౌటును సీసాలలో నింపి ఓడల కెక్కించుచుండిరి. 1869లో వారి సరకుతో పోవుచున్న ఒలీవా అను ఓడ బాల్టిక్‌లో మునిగిపోగా, నూటయైదేండ్ల తరువాత, 1974లో, గజయీతగాండ్రు ఆ సీసాలను సముద్రగర్భమునుండి పైకి తెచ్చిరి. ఆ కాలముననే పోర్టరు మనదేశమునకును వచ్చుచుండెను. ఆంగ్లేయాధికారుల బల్లలమీద లేతరంగు బీరు ప్రసిద్ధికెక్కినను, కుంఫిణీ తెల్లసిపాయీల దాహము తీర్చినది పీపాలతో మదరాసు, బొంబాయి, కలకత్తా రేవులలో దిగిన పోర్టరే. గుడ్‌హోప్ అగ్రమును చుట్టి, భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నెలలతరబడి సాగు ఆ ప్రయాణమునకు ఓర్చుకొనుటకై దానిలో హాప్స్ అధికముగా పడెడివి. నిలువకొఱకు చేయు బీరు వేఱు, వెంటనే అమ్ముటకు చేయు బీరు వేఱు. ఈ భేదము కాచునాడే నిర్ణయమగుచుండెను. ఎంత చక్కెర, ఎన్ని హాప్స్, ఎంత బలము అనునవి నిశ్చయించినవాడే దాని ఆయుర్దాయమును నిశ్చయించుచుండెను.

ఇక స్టౌటునకు కాఫీ రుచి ఎట్లు వచ్చెనో చూతము. పదునెనిమిదవ శతాబ్దాంతమున రసములోని చక్కెర పాలును కొలుచు సాధనము బ్రూవరీలలో ప్రవేశించెను. దానితో కొలిచిచూడగా, చవుకయని వాడుచుండిన కపిలవర్ణపు మాల్టు ఇచ్చు చక్కెర మిక్కిలి స్వల్పమనియు, వెల హెచ్చైనను లేతరంగు మాల్టే లాభసాటియనియు బయటపడెను. యజమానులు లేతమాల్టునకు మరలిరి. పోర్టరు రంగు వెలవెలబోయెను. రంగుకొఱకు మాడ్చిన చక్కెర మొదలైనవి చేర్చుట మొదలుకాగా, 1816లో పార్లమెంటు మాల్టు, హాప్స్ తప్ప అన్యద్రవ్యములను బీరులో వాడరాదని కఠినమైన శాసనము చేసెను. ఆ మఱుసటియేడే, 1817లో, డానియల్ వీలర్ అను నాతడు ఈ చిక్కునకు పరిష్కారము కనిపెట్టి హక్కుపత్రము పొందెను. కాఫీగింజలు వేయించుటకు వాడు యంత్రమును పోలినట్లు, మంటపై గిరగిర తిరుగు ఇనుపడోలులో మాల్టును పోసి, 400 ఫారన్‌హీటు డిగ్రీల ప్రాంతపు వేడిలో, బొగ్గుగాక ముందు బొగ్గువన్నె వచ్చువఱకు వేచుటయే అతని ఉపాయము. నూటికి కొలదిపాళ్లు ఈ నల్లమాల్టు పడినంతనే పీపా అంతయు నల్లనగును. లండనులోని పెద్ద బ్రూవరీలు దానిని వెంటనే చేపట్టెను. డబ్లినులోని గిన్నెస్‌వారును వెంబడించిరి.

ఈ విషయము నా వాదమునకు మూలమగుటచేత ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసియున్నది. యవధాన్యమును కాఫీగింజవలె వేయించినచో కాఫీవంటి రుచి పుట్టుట సహజము. రెండింటను చక్కెరలును, మాంసకృత్తుల ఖండములును వేడిచేత కలిసి క్రొత్త పదార్థములుగా మాఱుట యొక్కటే క్రియ. కాబట్టి ఒక్క కాఫీగింజయైనను పడకుండ స్టౌటు నూటడెబ్బదియేండ్లకు పైగా కాఫీరుచిని ఇచ్చుచు వచ్చినది. ఈ కాఫీరుచి మాల్టు శరీరములోనే యుండునది. చేదుగా, నిండుగా, నాలుక వెనుకభాగమున తెలియునది. ఇది నిలువకు ఓర్చును. అసలు కాఫీగింజనుండి వచ్చునది వేఱు. అది ప్రధానముగా ముక్కునకు తెలియు పరిమళము. ఈ రెండింటిని ఒకే పేరుతో పిలుచుటవలననే కాఫీ స్టౌటు నిలువగుఱించిన వివాదములలో సగము పుట్టినవి.

పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయపాదమునుండి లండను జనుల నాలుక మాఱెను. పులుపెక్కిన ముదురుపోర్టరును విడిచి వారు తియ్యని లేతబీరును కోరసాగిరి. నిలువకు వెల రాకపోగా యజమానులు మహాతొట్లను ఒక్కొక్కటిగా విప్పించి ఆ స్థలమును ఇతరకార్యములకు వినియోగించిరి; శతాబ్దాంతమునాటికి అవి అరుదైనవి. మొదటి ప్రపంచయుద్ధకాలమున ధాన్యపు కొఱతయు, సుంకముల హెచ్చును బీరుల బలమును తగ్గించి, నిలువకు యోగ్యమైన స్టౌటును దాదాపు నామావశిష్టము చేసెను. అయినను యాంకర్ బ్రూవరీ రష్యా స్టౌటు మాత్రము నిలిచెను. 1955లో బార్‌క్లే పెర్కిన్స్ కరేజ్ సంస్థతో కలిసిన తరువాత కూడ అది కరేజ్ వారి పేరుతో, సీసాలపై సంవత్సరము ముద్రింపబడి, 1993 వఱకు వచ్చుచునే యుండెను. ఆ సంవత్సరపు ముద్రయే ఆచారమును తొట్టినుండి ఇంటికి తరలించినది. పూర్వము వ్యాపారి తన మూలధనముతో కొన్న కాలమును ఇప్పుడు త్రాగువాడు తన ఓర్పుతో కొనజొచ్చెను. 1968లో ఎల్‌డ్రిడ్జ్ పోప్ అను బ్రూవరీవారు నవలాకారుడైన థామస్ హార్డీ పేర ఒక బలమైన బీరును విడుదలచేసి, అది పాతికేండ్లు నిలుచునని ప్రకటించుట ఆ కోరికకు మఱింత పుష్టి నిచ్చెను.

మైకేల్ జాక్సన్ అను ఆంగ్లేయ రచయిత 1977లో వెలువరించిన ప్రపంచ బీరుల గ్రంథము అట్లాంటికు దాటి, క్రొత్తరుచులకై వెదకుచున్న అమెరికనుల చేతులలో పడెను. ఆ మఱుసటియేడు ఇంటిలో బీరు కాచుకొనుటకు అమెరికాలో శాసనము అనుమతించెను. ఆ యిండ్లనుండియే చిన్న బ్రూవరీలు పుట్టుకొనివచ్చెను. మాల్టు, హాప్స్ తప్ప అన్యము కూడదను బంధము వారికి లేదు. స్టౌటులోని కాఫీరుచిని అసలు కాఫీతో ద్విగుణీకృతము చేయవలెనను తలపు వారికి కలుగుట స్వాభావికము. విస్కాన్సిన్ రాష్ట్రములోని న్యూ గ్లారస్ బ్రూవరీ 1994లో చేసిన కాఫీ స్టౌటు ఈ తెగలో మొదటివాని సరసన చేరినది. 1995లో సియాటిల్ పరిసరములలోని రెడ్‌హుక్ బ్రూవరీ, స్టార్‌బక్స్ కాఫీతో ఒక స్టౌటును తెచ్చెను. 1971లో స్టార్‌బక్స్‌ను స్థాపించిన మువ్వురిలో ఒకడును, 1981లో రెడ్‌హుక్‌ను స్థాపించిన ఇరువురిలో ఒకడును గార్డన్ బౌకర్ అను నొక్కడే. కాఫీ వేయించు వృత్తియు, బీరు కాచు వృత్తియు ఒకే మనుష్యునియందు కలిసిన ఘట్టమిది. తరువాత మిషిగన్ రాష్ట్రమున గ్రాండ్ ర్యాపిడ్స్‌లోని ఫౌండర్స్ బ్రూవరీవారు ఓట్సును, చాక్‌లెట్టును, సుమత్రా, కోనా కాఫీలను చేర్చి చేసిన బ్రేక్‌ఫాస్ట్ స్టౌటు ఈ తెగకు ప్రమాణముగా నిలిచెను.

కాఫీని చేర్చు విధానమును చేరువనుండి చూచినచో దాని స్వభావము బోధపడును. మరుగుచున్న రసములో కాఫీపొడి వేసినచో చేదును, వగరును దిగునుగాని పరిమళము ఆవిరితో లేచిపోవును. కనుక అనుభవజ్ఞులు పులియుట ముగిసి బీరు చల్లబడిన తరువాత, ముతకగా నలిపిన గింజలనో, కొందఱు నలుపని గింజలనే గుడ్డసంచిలో కట్టియో, ఒకటి రెండు దినములు దానిలో ముంచియుంచి తీసివేయుదురు. మఱికొందఱు చన్నీట రాత్రియంతయు నానవేసి దింపిన డికాక్షనును, సీసాలలో నింపుటకు ముందు కలుపుదురు. పనిలో అన్నిటికంటె కడపట చేర్చవలసిన వస్తువు కాఫీయేనని ప్రతి కాఫీ స్టౌటు తయారీదారుడును అనుభవముచేత గ్రహించినాడు. వేడికి ఓర్వనిది గాలికి మాత్రము ఎట్లోర్చును?

వేయించిన కాఫీలో ఎనిమిదివందలకు పైబడిన ఆవిరియగు పదార్థములు గుర్తింపబడినవి. వానిలో కాఫీని కాఫీగా తెలుపు ప్రధానమైనది ఫర్‌ఫ్యూరిల్ థయాల్ అను గంధకసంబంధమైన పదార్థము. తరువాతికాలమున నోబెల్ బహుమానము లందిన రైక్‌స్టైన్, స్టౌడింగర్ అను శాస్త్రజ్ఞులు 1926నాటికే కాఫీ పరిమళమును విశ్లేషించి దీని ప్రాముఖ్యమును ఎఱిగిరి. లేశమాత్రముననే పరిమళించు ఈ పదార్థము మిక్కిలి చంచలమైనది. ప్రాణవాయువు సోకినచో మాఱిపోవును. అంతేగాక, కాచిన కాఫీ కొంతసేపటికే వాసన కోలుపోవుటకు కారణము అందలి నల్లని మెలనాయిడినులు ఈ పదార్థమును బంధించుటయేనని 2002లో హాఫ్‌మన్, షీబర్లే అనువారు నిరూపించిరి. వేయించుటవలన రంగునిచ్చు ఆ మెలనాయిడినులు నల్లమాల్టు పడిన స్టౌటులోను సమృద్ధిగా కలవు. ఎంత గట్టిగా బిగించినను సీసామూతగుండ అణుమాత్రమైన గాలి దిగుచునే యుండును. అట్లగుటచేత స్టౌటునకు నలుపును, గాంభీర్యమును ఇచ్చు పదార్థములే తమతో చేరిన కాఫీ పరిమళమును నెమ్మదిగా మ్రింగుచున్నవని ఊహించుట అయుక్తము కాదు.

మన ఆయుర్వేదాచార్యులు ఈ వివేకమును ఏనాడో సూత్రీకరించిరి. శార్ఙ్గధరసంహితలో ఔషధముల ఆయుఃపరిమాణము చెప్పినచోట, చూర్ణము రెండు మాసములకు వీర్యహీనమగుననియు, గుటికలును లేహ్యములును ఏడాదికి బలము కోలుపోవుననియు, ఆసవములును, ధాతువులును, రసములును మాత్రము పాతబడినకొలది గుణవంతము లగుననియు నిర్ణయింపబడినది. కాఫీ స్టౌటు ఆసవములో చూర్ణము పడిన ద్రవ్యము. ఆసవపు ఆయువు ఏండ్లు. చూర్ణపు ఆయువు మాసములు. ఒకే సీసాలో రెండు ఆయుర్దాయములు కలిసియున్నవని గ్రహించినచో సందేహము చాలవఱకు తీరును.

సీసాలో జరుగు పరిణామము దీనికి సరిపోవుచున్నది. క్రొత్తది తెఱచినంతనే, అప్పుడే మరలో పట్టిన పొడివాసన పాత్రను ముంచెత్తును. దానికింద చాక్‌లెట్టును, మాడువాసనయు, హాప్స్ చేదును వరుసగా తెలియును. మూడునాలుగు మాసములకు ఆ తొలివాసన వెనుకకు తగ్గి, చల్లారిన కాఫీని పోలును. ఏడాదియగుసరికి కాఫీ యని వేఱుగా చెప్పదగినది స్వల్పము. దానికి బదులు కొన్నింట కాఫీగింజలో సహజముగానుండు పచ్చివాసన, పచ్చి క్యాప్సికముదానివంటిది, పైకి తేలి వికారముగా తోచును. కాఫీ వగరును, పులుపును కూడ, పరిమళముయొక్క తోడు తప్పుటచేత, ఒంటరిగా నాలుకను గుచ్చును. ఇక మాల్టు శరీరమునకు జరుగునది వేఱు: హాప్స్ చేదు తగ్గును, మద్యసారపు ఘాటు లోనికి అణగును, మిత పరిమాణమున గాలి సోకుటచేత ఎండుద్రాక్ష, ఖర్జూరము, బెల్లపుపాకము మొదలైనవానిని తలపించు వాసనలు పుట్టును. బలము తక్కువైన స్టౌటులలో ఈ మేలు కలుగక, తడిసిన అట్టవాసనయు, మృతమైన ఈస్టునుండి వచ్చు సోయాసాసువంటి వాసనయు మిగులును. కావున నిలువయుంచిన కాఫీ స్టౌటు మేలైనదని సాక్ష్యమిచ్చువారు అసత్యము చెప్పుటలేదు. వారు మెచ్చుచున్నది స్టౌటును. వన్నె తగ్గినదనువారును సత్యమే చెప్పుచున్నారు. వారు వెదకుచున్నది కాఫీని.

ఈ వాదమునకు ఎదురుగా పీపాలలో నిలిపిన కాఫీ స్టౌటులను చూపువారు కలరు. ఫౌండర్స్ వారు తమ స్టౌటును బోర్బన్ విస్కీ పీపాలలో పోసి, గ్రాండ్ ర్యాపిడ్స్ నేలక్రింద పూర్వము జిప్సము త్రవ్వితీసిన గుహలలో ఏడాదిపాటు ఉంచుదురు. ఆ గుహల చల్లదనము ఏడాది పొడుగునను దాదాపు ఒకేవిధముగా నుండును. దాని కీర్తి న్యాయమైనదే. కాని అచ్చట కొయ్యనుండి దిగు వెనిల్లా, విస్కీ మాధుర్యములు తగ్గిన పరిమళమునకు స్థానము పూరించుచున్నవి. తగ్గుదల ముందుగనే లెక్కించి, దానికి ప్రతిగా మఱియొక ఐశ్వర్యమును సమకూర్చుట అందలి నేర్పు. ఇతరులు అనేకులు ఇంకను ఋజువైన మార్గమును అవలంబించిరి: స్టౌటును ఏడాది పీపాలో ముదురనిచ్చి, బయటికి తీసినపిదప, సీసాలలో నింపుటకు కొలదిదినముల ముందుమాత్రమే క్రొత్తగా వేయించిన కాఫీని చేర్చుట. కాలమునకు రావలసినది కాలమునకును, కాఫీకి రావలసినది కాఫీకిని ఇచ్చు ఈ పద్ధతి నాకు సర్వోత్తమముగా కనబడుచున్నది.

లండను నగరపు పాతబ్రూవరీల అనుభవము మనకు నేర్పునది ఇదియే. వారు ప్రతిబీరును నిలువయుంచలేదు. నిలువకై కాచినదానినే నిలువయుంచిరి, లేతగా అమ్మదలచినదానిని లేతగనే అమ్మిరి. కాలము వారికి యవలవలె, హాప్స్‌వలె కొలిచి వేయవలసిన దినుసు. అన్నిటికిని సమానముగా పోయవలసినది గాదు. కనుక రష్యా స్టౌటు సంతతికి చెందినదియు, నూటికి పదిపాళ్లకు చేరువగా మద్యసారము గలదియు, కాఫీ చేరనిదియునైన నల్లబీరును నిశ్చింతగా నేలమాళిగలో దాచవచ్చును. కాఫీ చేరినదానిని మాత్రము సీసామీది తేదీ చూచి, మూడు మాసములలో త్రాగుట ఉత్తమము, ఆరు మాసములు మధ్యమము. ఏడాది దాటించువాడు తాను కాఫీని విడిచి స్టౌటునకై వేచియున్నానని తెలిసియే దాటింపవలెను. ఎచ్చటనో కొండవాలున చెట్టునుండి పండు కోసినవాడును, గింజను మంటపై కనిపెట్టియుండి సరియైన క్షణమున దింపినవాడును, దానిని కడపటిదినమున బీరులో ముంచినవాడును ఆ పరిమళము మనకు చేరవలెననియే శ్రమించిరి. వారి శ్రమ ఫలించుట మనము సకాలమున త్రాగుటపై ఆధారపడియున్నది.